మూత తీసే ముందు

నాకు కోపం ఎక్కువ. యూనివర్సిటీలో మా డిపార్ట్‌మెంటు అటెండరుకి కూడా ఈ సంగతి తెలుసు. ఆ కోపంలోనే ఏటిమొగ పాళెం బడిలో ఇరవై ముగ్గురు పిల్లల చేత ఒక అలవాటు మానిపించాను. పది రోజులు పట్టింది, మూడు పెద్ద ప్యాకెట్ల చాక్లెట్లు అయిపోయాయి. అందరికంటే చివర మానుకున్న పిల్ల పేరు కెజియా, పదేళ్లది. ఆ అలవాటే ఆ పిల్ల ప్రాణానికి కాపలా అని నాకు తెలిసేసరికి శనివారం మధ్యాహ్నం పన్నెండున్నర దాటింది.

నా పేరు అబిగయీలు. మాది కోవూరు. మనుషుల అలవాట్లు ఎలా పుడతాయో, ఎలా బతుకుతాయో, ఎలా చస్తాయో చదవడం నా ఉద్యోగం. జంతువుల్లో బతకడానికి పనికొచ్చే లక్షణం తరతరాలకీ నిలుస్తుంది, పనికిరానిది రాలిపోతుంది అంటారు కదా, ఆచారాలకీ అదే లెక్క అని మా వాళ్ల వాదన. చేదు దుంపని రాత్రంతా నానబెట్టి, రెండు నీళ్లు పారబోసి వండే ఆవిడని ఎందుకమ్మా అని అడిగితే, మా అత్త అలాగే చేసేది అంటుంది. కారణం ఆ అత్తకీ తెలియదు. తెలియకపోయినా ఇంటిల్లిపాదీ బతికి ఉన్నారు. ఈ మాట నేను ప్రతి ఏడూ క్లాసులో చెప్తాను. పిల్లలు రాసుకుంటారు. నేను మాత్రం ఎక్కడా రాసుకోలేదని ఇప్పుడు అనిపిస్తుంది.

నా దగ్గర ఒక చెక్క డబ్బా ఉంది. దాని మీద రెండుసార్లు తట్టాలి, పక్కనున్న పుల్ల లాగాలి, డబ్బాని ఒక చుట్టు తిప్పాలి, అప్పుడు మూత తీసి లోపలి చాక్లెట్ తీసుకోవాలి. నిజానికి తట్టడం, లాగడం, తిప్పడం మూడూ దండగ పనులే. మూత ఊరికే వచ్చేస్తుంది. కోతి ముందు పెడితే రెండోసారికే ఆ మూడూ వదిలేసి తిన్నగా మూత లాగుతుంది. మనిషి పిల్లలు అలా కాదు. చూపించింది చూపించినట్టు అన్నీ చేస్తారు. చూస్తే కోతే నయమనిపిస్తుంది. కానీ మనిషి గొప్ప అందులోనే ఉంది, కారణం అడక్కుండా పట్టుకుంటాడు.

పిల్లలకి నేను చేసి చూపించను. నా చేతులు మాత్రం కనపడే చిన్న వీడియో వేస్తాను. కోవూరు బడిలో నలభై మంది పిల్లలు ఆ నాలుగు పనులూ అచ్చు గుద్దినట్టు చేశారు. ఇక సముద్రం వార ఊళ్లో చేస్తే నా పరిశోధన పేపరు పూర్తవుతుందని, తోటపల్లి గూడూరు దాటి ఏటిమొగ పాళెం వచ్చాను. బడి చుట్టూ రొయ్యల చెరువులు, బడి పక్కన చర్చి, ఆ వెనక ఇసుక దిబ్బ.

మొదటి పిల్లాడు క్రీస్తురాజు. తట్టాడు, లాగాడు, తిప్పాడు. మూతని వేలెడంత ఎత్తాడు. అక్కడ ఆగి, మొహం ఎడమ భుజం వైపు తిప్పి, నోరు గట్టిగా మూసుకుని, ఒక ఊపిరంతసేపు అలాగే ఉండిపోయాడు. తర్వాత మూత మొత్తం తీసి చాక్లెట్ తీసుకుని నవ్వుకుంటూ వెళ్లాడు.

వీడియోలో అది లేదు. ఏదో చీదర పడ్డాడులే అనుకున్నాను. రెండో పిల్ల అదే చేసింది. మూడో వాడూ అంతే. ఒకరు చేసేది ఇంకొకరికి కనపడకుండా ఒక్కొక్కరినే లోపలికి పిలిచాను. ఇరవై ముగ్గురూ అదే వైపుకి, అంతేసేపు మొహం తిప్పారు. మధ్యాహ్నానికి నాకు ఒళ్లు మండిపోయింది. నేను చూపించని పని నా ప్రయోగంలో ఎవరు దూర్చారు?

"పిలకాయలు మూత తీసేటప్పుడు మొహం పక్కకి తిప్పుతా ఉండారేంది సార్?" అని గిద్యోను సారుని అడిగాను. ఆయన ఆ బడికి హెడ్మాస్టరు, పుట్టి పెరిగింది ఆ ఊళ్లోనే.

"తిప్పుతా ఉండారా మేడం? నేనెప్పుడూ చూళ్లేదే" అన్నాడు. అంటూనే తన టిఫిన్ బాక్సు మూత వేలెడంత ఎత్తి, మొహం ఎడమకి తిప్పి, ఒక ఊపిరంతసేపు ఆగి, మూత తీసి అన్నం కలుపుకున్నాడు.

బడిలో అన్నం వండే ఎలిశబెతు అవ్వ కెజియాకి నాయనమ్మ. ఆమె అన్నం గుండిగ మూత తీసేటప్పుడు దగ్గర నిలబడి చూశాను. అదే పని.

"ఎందుకవ్వా అట్టా తిరిగినావు?"

"లోపలుండేవోణ్ణి పోనియ్యాల గదమ్మా."

"లోపల ఎవరుండారు?"

"ఎవురూ లేరు."

"మరి?"

"లేకపోతే మాత్రం? దోవ ఇయ్యాల గదా" అని, చిన్నపిల్ల ప్రశ్న విన్నట్టు నవ్వింది.

ఆదివారం చర్చికి పోయాను. ఆ రోజు ప్రభువు భోజనం, అందరికీ రొట్టె పంచే ఆరాధన. పాస్టరుగారు బల్ల మీది పళ్లెం మూత పట్టుకుని కొంచెం ఎత్తాడు. ఆ క్షణంలో చర్చిలో ఉన్న అరవై తలలూ ఒక్కసారి ఎడమకి తిరిగాయి. చంకలో బిడ్డలున్న తల్లులు బిడ్డల తలలు కూడా మెల్లిగా అటు తిప్పారు. ఎవరూ ఊపిరి తీస్తున్నట్టు లేదు, ఫ్యాను చప్పుడొక్కటే వినపడింది. వాళ్లు దేన్ని చూస్తున్నారో చూద్దామని నేనూ అటే చూశాను. తెల్ల గోడ తప్ప అక్కడ ఏమీ లేదు. మరుక్షణం అందరూ ఇటు తిరిగి పాట అందుకున్నారు.

చర్చి వెనక దిబ్బ మీద ఏడు సిమెంటు సిలువలు ఒక వరసలో ఉన్నాయి. ఒక్కదాని మీదా పేరు లేదు. ఎవరివని అడిగితే, "తెలీదు మేడం. ప్రతి ఈస్టరుకీ సున్నం మాత్రం కొడతాం" అన్నాడు గిద్యోను సారు.

తెలివైన మనిషైతే అక్కడితో ఆగి, ఆ ఊరి మీదే పేపరు రాసేది. నాకు నా పాత పేపరు మీదే మమకారం. ఆ ఐదో పని దానికి అడ్డం. అందుకని రెండో విడత పెట్టాను. మొహం తిప్పకుండా, తిన్నగా మూత తీసి లోపలికి చూసిన వాళ్లకి రెండు చాక్లెట్లు. తిప్పిన వాళ్లకి ఏమీ లేదు. ఒక్కొక్కరి తలా పట్టుకుని డబ్బాలోకి వంచి, "చూడు, లోపల ఎవరూ లేరు" అని చెప్పేదాన్ని. ఏ లక్షణాన్ని మేపితే అది పెరుగుతుంది. ఆ సూత్రం తెలుసు కాబట్టి పని చకచకా సాగింది. నాలుగో రోజుకి సగం మంది మానేశారు. తొమ్మిదో రోజుకి ఇరవై ఇద్దరు.

మిగిలింది కెజియా. వాళ్లమ్మ తెల్లవారకముందే కంపెనీ బస్సులో రొయ్యల ఫ్యాక్టరీకి పోతుంది. నాయన కిషోర్ బాబు చెరువుల దగ్గర కాపలా. ఆయనకి మధ్యాహ్నం కూడు మోసేది ఈ పిల్లే. ఒకరోజు దాని వెంట నేనూ పోయాను. చెరువు అడుగు బురదని తోడి పోసే సిమెంటు తొట్టి ఒకటుంది అక్కడ, పైన కప్పు, కప్పులో ఒక కంత, కంతకి రేకు మూత. ప్రతి శనివారం ఆ మూత తీసి మట్టం చూసి చెప్పడం కెజియా పని, అది చెప్తే నాయన మోటారు వేస్తాడు. ఆ వారం మటుకు బురద పొంగి, రోజూ చూస్తున్నారట. తండ్రీ కూతుళ్లు చెరో పక్క కూర్చుని మూత ఎత్తి, ఇద్దరూ ఒకేసారి ఎడమకి తిరిగి, ఆగి, అప్పుడు లోపలికి చూశారు. నాకు నవ్వాగలేదు. ఫోనులో తీసుకున్నాను కూడా.

ఎనిమిదో రోజున డబ్బాలో నేను చాక్లెట్ పెడుతుంటే కెజియా నన్నే చూస్తూ అంది. "మీరూ తిప్పుతారు గదా మేడం."

"నేనెప్పుడు తిప్పాను? పెద్దవాళ్ల ముందర అబద్ధాలా?" అన్నాను. గట్టిగానే అన్నాను. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

మరునాడు ఎలిశబెతు అవ్వ కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏమో మేడమ్మా, పిలకాయలు నాకు కొత్తగా కనపడతా ఉండారు. రాత్రి ఆ ఎదురింటోడు నీళ్ల బాన మూత తీసి తల లోపల పెట్టినాడు. నాకు ఒళ్లు జలదరించింది. ఎందుకో తెలీదు."

కారణం చెప్పలేని భయానికి విలువ లేదని ఆమెకి పది నిమిషాలు చెప్పాను. ఆమె మర్యాదగా వింది. నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పదో రోజు, శుక్రవారం, కెజియా తట్టింది, లాగింది, తిప్పింది, మూతని ఒక్క ఊపున తీసి తల వంచి లోపలికి చూసింది. నేను చప్పట్లు కొట్టి ఐదు చాక్లెట్లు ఇచ్చాను. "ఎంత ఫాస్టుగా తీశావు" అన్నాను. పిల్ల మొహం వెలిగిపోయింది.

శనివారం బడి ఒంటిపూట. పిల్లలు వెళ్లిపోయాక, ఖాళీ గదిలో కూర్చుని పది రోజుల వీడియోలు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కిస్తూ చూస్తున్నాను. కెమెరా కిటికీలో ఉండేది. పిల్లకీ పిల్లకీ మధ్య నేనొచ్చి డబ్బాలో చాక్లెట్ పెట్టడం కూడా అందులో పడింది. తెర మీద నేను డబ్బా మూత వేలెడంత ఎత్తాను. మొహం ఎడమకి తిప్పాను. నోరు మూసుకుని, కళ్లు సగం వాల్చి, ఒక ఊపిరంతసేపు ఆగాను. తర్వాత మూత తీసి చాక్లెట్ పెట్టాను.

ముందుకి జరిపాను. మళ్లీ అదే. ఇంకో రోజుది తెరిచాను. అదే. పది రోజులు, రోజుకి ఇరవై మూడు సార్లు, ఒక్కటి తప్పకుండా. తెర మీది ఆ ఆడమనిషి మొహం నాదే, కానీ అందులో నేను లేను. నన్ను అడగకుండా ఎవరో దాన్ని తీసుకుని వాడుకుని, మళ్లీ నాకు అప్పగిస్తున్నారు. చర్చిలో తెల్ల గోడ గుర్తొచ్చింది. ఈ ఊరి పేరు కూడా అంతకు ముందు నేను వినలేదు.

కోవూరులో ఉన్న మా అమ్మ కరుణాకుమారికి ఫోను చేశాను. "అమ్మా, నేను మూతలు తీసేటప్పుడు మొహం తిప్పుతానా?"

"తిప్పుతావు. చిన్నప్పట్నుంచీ. బియ్యం డ్రమ్ము కాడ చూసేదాన్ని. చెప్తే నవ్వుతావని చెప్పలా. యాడుండావిప్పుడు?"

"ఏటిమొగ పాళెం."

"మా అవ్వది ఆ ఊరే" అంది అమ్మ. "నేనెప్పుడూ పోలేదు. ఆడ ఉప్పుచేపల తొట్లు ఉండేవంట, భూమిలోకి కట్టి మూతలేసినవి. గాలివానకి నెల రోజులు ఎవరూ తెరవలేదంట. తర్వాత ఒకడు మూత తీసి తొంగి చూసినాడు, చూసినోడు చూసినట్టే లోపలికి పడినాడు. వాణ్ణి తీయబోయి వాళ్లన్న, అన్నని తీయబోయి నాయన. అట్టా ఆ ఇంట్లో ఏడుగురూ. అప్పుడు ఆడ ఉండింది రెండిళ్లే. రెండో ఇంటోళ్లకి మాత్రం మూతెత్తి మొహం పక్కకి పెట్టి నిలబడే అలవాటు ఉండేదంట. వాళ్లే మిగిలినారు. ఇప్పుడుండే ఊరంతా వాళ్ల పిలకాయలే."

ఊరు వదిలిపోయిన మా వాళ్ల దగ్గర కథ మిగిలింది, ఊళ్లో ఉన్న వాళ్ల దగ్గర అలవాటు మిగిలింది. తొంగి చూసిన వాళ్ల పిల్లలు ఈ భూమ్మీద ఎక్కడా లేరు. ఆ ఇరవై ముగ్గురూ, నేనూ, తిప్పిన వాళ్ల పిల్లలం. లోపల ఉన్నవాడు ఎవడో అప్పుడు తెలిసింది. మూసిపెట్టిన చోట చేప కుళ్లినా, రొయ్యల బురద కుళ్లినా పుట్టే విషపు గాలి ఒకటే.

ఈ రోజు శనివారం.

బయటికి ఉరికాను. ఎలిశబెతు అవ్వ గుండిగలు తోముతోంది. "కెజియా యాడుందవ్వా?"

"వాళ్ల నాయనకి కూడు తీసకపోయింది. ఏమ్మా, అట్టా ఉండావేంది?"

స్కూటీ మీద చెరువు గట్టున పోయాను. దూరం నుంచే కనపడింది. తొట్టి కప్పు మీద కెజియా మోకాళ్ల మీద కూర్చుని ఉంది, పక్కన నీలం క్యారేజీ సంచి. కిషోర్ బాబు అవతలి గట్టున మోటారు దగ్గర ఉన్నాడు. నేను గొంతు చించుకుని దాని పేరు పెట్టి అరిచాను.

పిల్ల తలెత్తి నన్ను చూసింది. సంతోషంగా చెయ్యి ఊపింది. నేను అరిచింది ఏమని వినపడిందో నాకు తెలియదు. "చూడండి మేడం" అని కేకేసింది. రేకు మూతని ఒక్క ఊపున తీసి, తల కంతలోకి పెట్టింది.

మళ్లీ తల ఎత్తలేదు. నడుము దాకా లోపలికి వాలిపోయింది, కాళ్లు బయట ఉన్నాయి, ఆ కాళ్లు కొంచెం కొంచెంగా లోపలికి జారుతున్నాయి. నేను బండి పడేసి పరిగెత్తాను. తొట్టికి పది అడుగుల దూరంలో కుళ్లిన గుడ్ల వాసన తగిలింది. నా మొహం ఎడమకి తిరిగింది. నోరు మూసుకుపోయింది. కాళ్లు ఆగిపోయాయి. పో, పో అని నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. నా ఒళ్లు నా మాట వినలేదు. చెరువు నీళ్ల వైపు చూస్తూ నిలబడి ఉన్నాను, పిల్ల చెప్పులు సిమెంటు మీద రాసుకుంటున్న చప్పుడు వింటూ.

కిషోర్ బాబు నా పక్కనుంచి దూసుకుపోయాడు. తొట్టి ముందు ఆయనా ఆగాడు. ఆయనా మొహం తిప్పాడు. సొంత కూతురు తలకిందులుగా జారిపోతుంటే, ఒక ఊపిరంతసేపు నిలబడ్డాడు. ఆ గాలికి దోవ ఇచ్చాడు. తర్వాత ఊపిరి బిగబట్టి వెళ్లి, పిల్ల రెండు కాళ్లూ దొరకబుచ్చుకుని ఒక్క లాగు లాగాడు. అప్పుడు నా కాళ్లు కదిలాయి. ఇద్దరం పిల్లని గట్టు మీదకి, గాలి వీచే వైపుకి ఈడ్చుకొచ్చాం. మొహం బూడిద రంగులో ఉంది. చాలాసేపటికి దగ్గింది.

ఆయన ఆగకుండా తల పెట్టి ఉంటే ఇద్దరూ తొట్టిలోనే ఉండేవాళ్లని తర్వాత నెల్లూరులో డాక్టరు చెప్పాడు. అది నాకు అప్పుడే తెలుసు. అయినా ఆయన ఆగిన ఆ ఒక్క ఊపిరంతసేపు, ఆయన్ని చంపేయాలన్నంత కోపం వచ్చింది నాకు. నేను ఆగినందుకు కాదు, ఆయన ఆగినందుకు. నా కోపం ఎప్పుడూ అంతే, సరైన మనిషి మీదికి పోదు.

మూడో రోజుకి కెజియా ఆస్పత్రి మంచం మీద లేచి కూర్చుంది. వాళ్లమ్మ ఫ్యాక్టరీకి సెలవు పెట్టి రెండు రాత్రులు మేలుకుని, అప్పుడే స్నానానికి ఇంటికి పోయింది. ఎలిశబెతు అవ్వ క్యారేజీలో చారన్నం తెచ్చింది. గిద్యోను సారు బత్తాయిలు తెచ్చాడు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. అవ్వ క్యారేజీ మూత వేలెడంత ఎత్తింది. అవ్వ, కిషోర్ బాబు, గిద్యోను సారు, నేను, నలుగురం ఎడమకి తిరిగాం. ఈసారి నేను తిరగడం నాకు తెలిసింది. తెలిసినా ఆపలేకపోయాను.

ఇటు తిరిగేసరికి కెజియా మంచం మీంచి వంగి, క్యారేజీ గిన్నెలోకి చూస్తోంది.

"లోపల ఎవురూ లేరవ్వా" అంది, అవ్వకి ధైర్యం చెప్తున్నట్టు.

నేను మంచం మీద కూర్చుని దాని చెయ్యి పట్టుకున్నాను. తొట్టిలో పుట్టే గాలి గురించి చెప్పాను, అది మనిషిని ఎలా పడేస్తుందో చెప్పాను, ఏడు సిలువల గురించి చెప్పాను. శ్రద్ధగా వింది. అర్థమైందా అంటే అర్థమైందంది.

"అయితే ఇప్పుడు నువ్వు మూత తియ్యి. ఎట్టా తియ్యాలో చూపించు."

కెజియా క్యారేజీ మూత పెట్టి, మళ్లీ వేలెడంత ఎత్తింది. మొహం ఎడమకి తిప్పింది. నోరు మూసుకుంది, కళ్లు సగం వాల్చింది, ఎంతసేపు ఆగాలో అంతసేపు ఆగింది. వీడియోలో చూసిన నా మొహమే అది, ఎక్కడా తేడా లేదు. నేను హమ్మయ్య అనుకున్నాను.

ఎలిశబెతు అవ్వ దాన్నే చూస్తూ, "అది కాదమ్మా" అంది మెల్లిగా.

కెజియా ఇటు తిరిగి, నవ్వి, నా ముందుకి చెయ్యి చాపింది. నా సంచిలో ఇంకా రెండు చాక్లెట్లు ఉన్నాయి. ఇవ్వాలో మానాలో నాకు తెలియలేదు.